గవాక్షాలకు నీలిరంగు

నిజామాబాద్,
3 ఏప్రిల్ 1996

గంగాధర్ మామకు, నీ మేనకోడలు ప్రవళిక నమస్కరించి రాయునది.

ఇక్కడ అమ్మ మోకాలు తప్ప అందరం బాగున్నాం. మీ ఇంటి ఎదురుగా కట్టిన చిన్న ఇల్లు దీపావళి నుంచి ఖాళీగా ఉందట. జూన్‌లో మిరుగు కార్తె వచ్చేలోపల కిరాయికి ఎవరూ రాకపోతే అత్త వాళ్ల అన్న లక్‌పతి గారు అందులో ఎరువు బస్తాలు నింపుతారట. నీల అత్త అమ్మతో చెప్పుకొని బాధపడింది. ఎదురింట్లో మనుషుల మాట వినబడాలనే కదా ఆమె పట్టుబట్టి ఆ ఇల్లు కట్టించింది! అన్నకు ఎదురు చెప్పే నోరు అత్తకు లేదు. ఆమెతో మాట్లాడే నోరు బస్తాలకు లేదు.

నేను డిగ్రీలో తెలుగు తీసుకున్న సంగతి నీకు తెలుసు. అందుకని అల్పవ్యయంతో గృహాన్ని ఆకర్షణీయం చేసే మార్గాలు ఆలోచించాను. మొదటివి గవాక్షాలు. అవి విశాలంగా, నిర్మలంగా ఉండాలి. వాటికి నీలిరంగు పూయిస్తే వచ్చినవాళ్ల చూపు అక్కడే నిలుస్తుంది. తర్వాత పాకశాలలో ఒక వేదిక కట్టించు. స్త్రీలు దాని దగ్గర నిలబడి వండుకుంటారు. ద్వారానికి లోపలి నుంచి గడియ తప్పనిసరి.

పరీక్షలు లేకపోతే నేనే వచ్చి దగ్గరుండి చేయించేదాన్ని.

నీ కోడలు,
ప్రవళిక

తా.క.: గవాక్షాల విషయంలో వెనకాడకు మామా. ఇంటి అందమంతా వాటిలోనే ఉంది.


బాన్సువాడ,
14 ఏప్రిల్ 1996

చిరంజీవి ప్రవళికకు మామ ఆశీస్సులు.

ఉత్తరం అందింది. గడియ ఆ రోజే పెట్టించాను. వేదిక సంగతి మీ అత్తకు చెబితే, "వంట చేసేటోళ్లు ఏమన్న నాటకం ఆడుతరా?" అన్నది. అందుకని దాన్ని ప్రస్తుతానికి ఆపాను.

గవాక్షం అనే మాట నాకు తెలియదు. మన బుచ్చన్న సారు ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన మనిషి కదా, ఆయన్ని అడిగాను. "గో, అక్షం, రెండు కలిస్తే గవాక్షం. గో అంటే ఆవు, అక్షం అంటే కన్ను," అన్నాడు. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఆవు కన్నే అన్నాడు.

మనకు ఆవు లేదు. గంగయ్యను బతిమాలి వాళ్ల ఆవును తెచ్చి చిన్న ఇంటి ముందు కట్టాను. దాని కళ్లు బాగా విశాలంగానే ఉన్నాయి. నిర్మలంగా ఉండటానికి పొద్దున, సాయంత్రం తడిబట్టతో తుడుస్తున్నాను.

నిన్న మండల ఆఫీసులో పనిచేసే ప్రియదర్శిని మేడం ఇల్లు చూడటానికి వచ్చింది. నువ్వు చెప్పినట్టే ఆమె చూపు ఆవు దగ్గరే నిలిచింది.

"గీ ఆవు గూడ కిరాయిలనే వస్తదా?" అన్నది.

"లేదు మేడం, ఆవు మాది గాదు."

"మరి ఎవలది?"

"గంగయ్యది."

"మరి గీడెందుకు కట్టిండ్రు?"

"మా కోడలు రాసింది మేడం."

ఆమె ఇంటి లోపలికి రాకుండానే వెళ్లిపోయింది. ఇంకేమైనా చేయాలంటే రాయి. మిరుగుకు రెండు నెలలు కూడా లేవు.

మీ మామ,
గంగాధర్

తా.క.: నీలిరంగు కళ్లకు పూయలేదు. ఆవు ఒప్పుకోలేదు. కొమ్ములకు పూశాను.


నిజామాబాద్,
19 ఏప్రిల్ 1996

మామకు, తలవంచుకొని ప్రవళిక రాయునది.

మామా, గవాక్షం అంటే కిటికీ. బుచ్చన్న సారు చెప్పిన అర్థమూ తప్పు కాదు. తప్పంతా నాది. కిటికీ అని రాస్తే సరిపోయేది. కానీ ఆ మాట పుస్తకంలో చూసినప్పటి నుంచి ఎక్కడైనా వాడాలని మనసు కొట్టుకుంటోంది. ఆవును వెంటనే ఇచ్చేయి.

ఈసారి మామూలు మాటల్లో రాస్తాను. కిటికీలకు దోమల జాలీ కొట్టించు. కాలువ పక్కన ఉన్న ఇంటికి దోమలు రాకపోతే అంతకంటే ఏం కావాలి? వేదిక అంటే నాటకాలది కాదు, పొయ్యి పెట్టుకునే గద్దె. నడుమెత్తు కట్టించి పైన ఒక బండ పరిపించు. గోడలకు సున్నం వేయించి, అందులో కొంచెం నీలిమందు కలపమను. కరెంటు మీటరు విడిగా పెట్టించు. స్నానాల గదికి తలుపు పెట్టించు, పరదా తీసేయి. బట్టలు ఆరేసుకోవడానికి వెనక ఒక తీగె కట్టు. ఇందులో ఏదీ పెద్ద ఖర్చు కాదు. కిరాయికి వచ్చేవాళ్లు మేడలు అడగరు. పొద్దున లేచింది మొదలు ఇబ్బంది లేకుంటే చాలు అనుకుంటారు.

నీ కోడలు,
ప్రవళిక

తా.క.: ఈ ఒక్క మాట అత్తకు చదివి వినిపించు. అత్తా, ఆ ఇంటికి ప్రాణం పోయాలి. అదీ నీ చేతులతోనే పోయాలి!


బాన్సువాడ,
6 మే 1996

చిరంజీవి ప్రవళికకు మామ రాయునది.

నువ్వు చెప్పినవన్నీ చేయించాను. జాలీ, గద్దె, సున్నం, మీటరు, తలుపు, తీగె. ఇల్లు నిజంగా బాగుంది. సాయంత్రం లోపల కూర్చుంటే ఒక్క దోమ లేదు. ఇది మంచి కబురు. ఇక రెండో కబురు.

నీ తాజా కలం మీ అత్తకు వాకిట్లో నిలబడి గట్టిగా చదివాను. గోడ అవతల దేవీబాయి మిరపకాయలు ఎండబెడుతోంది. ఆమె పుట్టిల్లు దెగ్లూరు. ఇంట్లో మరాఠీ. ఆమె చెవికి పోయాలి, పోవాలి రెండూ ఒకటే. ఆ ఇంట్లో ప్రాణం పోవాలని, అదీ నీల చేతులతోనే పోవాలని నిజామాబాద్ నుంచి కోడలు ఉత్తరం రాసిందని సాయంత్రానికి వాడంతా తెలిసింది. రెండో రోజుకు ప్రాణం పోయింది కూడా. ఎవరిదో మాత్రం ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెబుతున్నారు.

పిట్లం నుంచి బదిలీ మీద వచ్చిన అఖిలేశ్ అనే టీచరు ఇల్లు చూసి, సోమవారం సామాను తెస్తానన్నాడు. రాలేదు. బస్టాండులో కనబడితే ఆపాను.

"ఇల్లు మంచిగున్నది సార్. గని, పోయినాయన ఎవలు?" అన్నాడు.

"గా ఇంట్ల ఎవ్వలు పోలేదు సార్, ఒట్టు," అన్నాను.

"అంటే, ఇంక పోవాల్నా?" అని బస్సెక్కాడు.

లక్‌పతి బావ నిన్న వచ్చాడు. ఇల్లంతా తిరిగి చూసి, "మనుషులు రాకుంటేంది బావా, బస్తాలున్నయ్ గద. బస్తాలకు దయ్యం భయం ఉండదు," అన్నాడు. జాలీ చూసి మెచ్చుకున్నాడు. ఎలుకలు కూడా రావట. మీ అత్త చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లింది. రాత్రి అన్నం కూడా తినలేదు.

మీ మామ,
గంగాధర్

తా.క.: ఆవును గంగయ్య తీసుకుపోయాడు. కొమ్ముల రంగు ఎంత కడిగినా పోలేదు. అంగట్లో దాన్ని అందరూ కిరాయి ఆవు అంటున్నారట.


నిజామాబాద్,
11 మే 1996

మామకూ అత్తకూ ప్రవళిక నమస్కారాలు.

ఈ ఉత్తరంలో ఒక్క కొత్త మాట కూడా వాడను. అత్త అన్నం తినలేదని చదివాక నాకు నిఘంటువు తెరవాలనిపించలేదు.

భయం పోవాలంటే చెప్పి లాభం లేదు, చూపించాలి. మీరిద్దరే ఆ ఇంట్లో పది రోజులు ఉండండి. పొయ్యి వెలిగించండి. అత్త చీరలు వెనక తీగె మీద ఆరేయండి. గుమ్మం ముందు కూర్చొని బియ్యం ఏరండి, వచ్చేపోయేవాళ్లను పలకరించండి. పది రోజుల తర్వాత కూడా మీరు బతికే ఉంటే జనం నమ్ముతారు.

మీ ప్రవళిక

తా.క.: పోయడం వేరు, పోవడం వేరు అని దేవీబాయికి వివరంగా చెప్పండి. కాదు, వద్దు. ఆమెకు ఏమీ చెప్పకండి.


బాన్సువాడ,
10 జూన్ 1996

చిరంజీవి ప్రవళికకు మామ, అత్త ఆశీస్సులు.

నువ్వు చెప్పిన పది రోజులు గడిచి చాలా రోజులైంది. జనానికి భయం పోయింది. ఇల్లు చూడటానికి నలుగురైదుగురు వచ్చారు. వచ్చినవాళ్లందరినీ మీ అత్త గుమ్మంలోంచే పంపించింది. నేను అడిగితే, "ఇరవై ఏండ్లు పొయ్యికాడ కూసుండి వండిన. గద్దె మీద నిలవడి వండితె తెలిసింది, నాకు గూడ నడుముందని," అన్నది. నేనూ నిజమే చెప్పాలి. జాలీ ఉన్న ఇంట్లో పడుకున్నాక పాత ఇంటికి వెళ్లడానికి నాకు కాళ్లు రావడం లేదు.

అంతలో శివరాం అని బ్యాంకులో కొత్తగా చేరినతను వచ్చాడు. భార్య సౌజన్య, ముగ్గురు పిల్లలు, తల్లి. మీ అత్త ఎప్పటిలాగే "ఇది ఇయ్యం" అన్నది. సౌజన్య వెనక్కి తిరిగి పాత ఇంటిని చూసి, "మరి గా పెద్ద ఇల్లు ఎవలదక్కా? వాకిలి మంచిగ పెద్దగున్నది, పిల్లలు ఉరుకుతరు," అన్నది. అందులో మేము సున్నం కూడా వేయించలేదు. మూడో రోజు సామాను దించుకున్నారు.

మొన్న మిరుగు. లక్‌పతి బావ చెప్పినట్టే ట్రాక్టరు నిండా బస్తాలతో వచ్చాడు. మీ అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇరవై ఏళ్లలో ఆమె అన్నతో ఇంత గట్టిగా మాట్లాడటం నేను వినలేదు.

"ఏడ దించుతవే అన్నా? గీ ఇంట్ల నేనుంటున్న."

"మరి పాతిల్లు?"

"గండ్ల కిరాయోళ్లున్నరు."

"మరి నా బస్తాలు?"

"మీ ఇంట్ల ముందటి అర్ర లేదా? ఎన్నడన్న గండ్ల పెట్టినవా? ఎందుకు పెట్టలేదు? వదిన ఊకోదని. నేను గూడ ఊకోను."

బావ బస్తాలు దించకుండానే ట్రాక్టరును వెనక్కి తిప్పించాడు. తర్వాత లోపలికి వచ్చి గద్దె దగ్గర నిలబడి చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఇది రాస్తున్నప్పుడు ఎదురింటి పిల్లలు ముగ్గురూ ఒకేసారి ఎక్కాలు చదువుతున్నారు, ఒక్కొక్కరిది ఒక్కొక్క ఎక్కం. మీ అత్త ఇక్కడి నుంచే తప్పులు దిద్దుతోంది.

మీ మామ,
గంగాధర్

తా.క.: శివరాం తల్లికి కొడుకు కిరాయి సంగతులేవీ చెప్పినట్టు లేదు. పెద్ద ఇంట్లో వాళ్లున్నారు, చిన్న ఇంట్లో మేమున్నాం. నిన్న ఆమె వచ్చి మీ అత్త పక్కన కూర్చొని, "మీరు గీడ కిరాయికెన్నేండ్ల సంది ఉంటున్నరు? ఓనరు ఎట్లాంటోడు?" అని మెల్లగా అడిగింది. మీ అత్త నా వైపు చూసి, "మంచోడే గనీ, మనం రాసి పంపితేనే పని చేస్తడు," అన్నది.