చిక్కుడు గింజలు తవ్విన పిల్ల

అమ్మా, నేను కులాసా. నీ దగ్గర వదిలొచ్చిన నా పాపకు జ్వరం తగ్గిందా? కిందటి కార్డుకు జవాబు రాలేదు, ప్రాణం కొట్టుకుంటోంది.

మా బడి అంతా చెట్ల కిందే కదా. పిల్లలు నాటిన చిక్కుడు గింజల్లో ఒక్కటీ మొలవలేదు. కనిపెట్టి చూస్తే తేలింది, ఒక చిన్నపిల్ల రోజూ పొద్దున్నే వచ్చి అన్నిటినీ తవ్వి చూసి మళ్ళీ కప్పెడుతోంది.

"అలా కెలికితే చచ్చిపోతాయే" అన్నాను.

"మరి బాగున్నాయో లేదో ఎలా తెలుస్తుంది టీచర్?" అంది.

బడి విడవగానే నీకు ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

పాప అన్నం తింటోందా? నాకోసం ఏడుస్తోందా? దాని ఉన్ని టోపీ నా పెట్టెలో వచ్చేసింది, పంపిస్తాను. నీ మోకాలికి మందు రాసుకుంటున్నావా?

నాన్నకు నమస్కారాలు. పాప నుదురు పట్టిచూసి, నా పేరు చెప్పి ముద్దు పెట్టు. గింజలంటే నోరులేనివి, నువ్వైనా వెంటనే ఒక్క ముక్క రాయి.

నీ అమ్మాయి