చన్నీళ్ల సూట్

కృష్ణానగర్,
హైదరాబాద్.

అమ్మాజీ అక్కకి,

ఫోన్‌లో చెబితే సగంలోనే పెట్టేస్తావని రాస్తున్నాను. పూర్తిగా చదివాకే కోప్పడు.

నిరుడు మనాలిలో హీరోయిన్‌కి డూప్‌గా సరస్సులో దూకి, చలికి కాళ్లూ చేతులూ కొయ్యబారి ఆసుపత్రిలో పడ్డాను. నువ్వు కాకినాడ నుంచి పరిగెత్తుకొచ్చావు. ఇక నీళ్లలో దిగనని నీకు మాటిచ్చాను. ఇప్పుడు కాశ్మీర్‌లో మళ్లీ అలాంటి పనే వచ్చింది.

ఈసారి నీళ్లలో చలి ఆపే వెట్‌సూట్ నేనే ఎంచుకుంటానన్నాను. కాస్ట్యూమర్ వీరభద్రం గారు మందపాటి రబ్బరు సూట్లు కొన్ని తెప్పించారు.

"జర వదులుగున్నది తీస్కోమ్మా, ఊపిరాడ్తది," అన్నారు.

"వదులైతే చన్నీళ్లు లోపలికి వచ్చిపోతూనే ఉంటాయండీ. బిగుతుగా ఉంటే లోపల చిక్కిన కాసిని నీళ్లు ఒంటి వేడికి వెచ్చబడతాయి. నిరుడు నాకిచ్చింది వేరేవాళ్ల కొలతలది," అన్నాను.

ఆయన ఒక్కో సూటూ నన్ను తొడుక్కోమని, మెడ దగ్గరా మణికట్టు దగ్గరా వంగి చూశారు. "గీడ సందున్నది, గిది వద్దు," అంటూ ఆఖరిది తప్ప అన్నీ పక్కన పెట్టించారు.

నిన్న ఫిల్మ్‌నగర్‌లో మంచుదిమ్మలు వేసిన తొట్టిలో దాన్ని వేసుకుని దిగాను. ఒళ్లు వెచ్చగానే ఉంది అక్కా. హాయిగా ఈదాను కూడా.

అయినా నిన్ను కాదని వెళ్లను. మా సినిమావాళ్లకి ఒక షరతు పెడితే ఒప్పుకున్నారు. నీకూ టికెట్ తీస్తారు. నువ్వు ఒడ్డున నిలబడు. చాలనిపించగానే చెయ్యెత్తు. డైరెక్టర్ ఇంకో టేక్ అడిగినా సరే, నేను బయటికి వచ్చేస్తాను.

స్వెట్టర్ తెచ్చుకో.

నీ చెల్లి