సగంలో ఆగిన బస్సు

మంగళవారం, పుంగనూరు

ఎల్లుండి తనిఖీకి వచ్చే అధికారి ముందు పరువు పోయేలా ఉంది. ఇంగ్లీషులో పూర్తికాని వాక్యాన్ని గుర్తుపట్టడం ఎనిమిదో తరగతికి వారమంతా నేర్పాను. ఇవాళ పరీక్షలో భవాని ‘వెన్ ద బస్ కేమ్’ అని రాసి చుక్క పెట్టేసింది. బస్సొచ్చినప్పుడు ఏమైంది? ఒళ్లు మండిపోయింది.

“యాల సగంలో ఆపినావు?” అని అడిగాను.

“మీరూ సగం చెప్పి ఆపేస్తారు గదా మేడం? మిగతాది మేమే చెప్తాము.”

నిజమే, పాఠంలో సగం వాక్యం నేను చెప్పి, మిగతాది పిల్లల చేత అనిపించడం నా అలవాటు. అయితే మాత్రం, పరీక్షలో కూడానా? కోపం పట్టలేక అరిచాను.

“ఇంకొకసారి ఇట్ల రాస్తే...”

ఊపిరి తీసుకునేలోగా క్లాసంతా ఒక్క గొంతుతో అందుకుంది.

“వీపు పగుల్తాది!”