మూడు డబ్బాలు

చిరంజీవి సౌభాగ్యవతి కోడలికి,

ఫోనులో నీ గొంతు వినగానే నాకు నోరు పెగలడం లేదు. అందుకే ఇన్నాళ్లకు కలం పట్టాను. అత్తయ్య దీవెనలు. మీ ఆయన బాగున్నాడు. అందరం క్షేమం అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు తల్లీ.

పోయిన ఉత్తరంలో మన బుడంకాయ పిల్ల బరువు అడిగావు. నువ్వు ఉద్యోగ శిక్షణకు వెళ్లేనాటికి పది కిలోలు. మొన్న తూస్తే ఎనిమిదిన్నర. గౌను భుజం మీద నిలవడం లేదు. నువ్వు చెప్పినట్టు నీళ్లు కాచే ఇస్తున్నాను. అయినా నెలన్నరగా రోజుకు ఐదారు విరేచనాలు. రెండేళ్ల పిల్ల, ఏడవడానికీ ఓపిక లేక నా కొంగు పట్టుకుని "నానమ్మా, బొజ్జలో బూచోడు" అంటుంది.

మల పరీక్షలో ఏమీ లేదన్నారని చెప్పాను కదా. అది నా పాపం. ల్యాబ్ ఆయన పాడవకుండా మందునీళ్లు పోసిన మూడు డబ్బాలిచ్చి, "మూడు రోజులదీ విడివిడిగా పట్టండి పెద్దమ్మా, పురుగు రోజూ బయటపడదు" అన్నాడు. రోజూ ప్రార్థనకు ముందు అది ముట్టుకోవాలా అని నాకు ఒళ్లు జలదరించింది. మొదటిరోజే మూడూ నింపి, మూడు తేదీలు వేసి, మూడోరోజు ఇచ్చి వచ్చాను. అతను వెలుతురుకు పెట్టి చూసి, "మీ మనవరాలు మూడు రోజులూ ఒకే ముద్ద తిన్నదా ఏంటి?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ కాగితం చూసి డాక్టరమ్మ పాలు పడట్లేదేమోనని మాన్పించింది, మందులు మార్చింది. మూడు వారాలు పోయాయి. బిడ్డ కళ్లు లోపలికి పోవడం చూసి, ల్యాబుకు పరుగెత్తి నిజం చెప్పేశాను; రోజూ దేవుణ్ణి క్షమాపణ అడుగుతున్నాననీ చెప్పాను. ఈసారి అతను నవ్వలేదు.

"దేవుడికి చెప్పుకున్నారు గానీ నాకు చెప్పలేదన్నమాట" అని మళ్లీ మూడు డబ్బాలు చేతిలో పెట్టాడు.

రెండింటిలో ఏమీ లేదు. మూడోదాంట్లో కనబడింది. జియార్డియా అట, కంటికి ఆనని పరాన్నజీవి. పేగులకు అతుక్కుని, తిన్నది ఒంటబట్టనివ్వదట.

నిన్న మందు మొదలుపెట్టారు. నాకూ పరీక్ష చేస్తారట. నా చేతి నుంచే సోకిందేమోనని అన్నం కలిపేముందు రెండేసిసార్లు సబ్బుతో చేతులు కడుగుతున్నాను. ఇవాళ నాలుగుసార్లే వెళ్లింది. ఆశపడాలన్నా భయంగా ఉంది. సెలవు దొరికితే బయలుదేరు.

ఈ కాగితాలు దాచుకో, మీ ఆయనకు చూపించకు. మా అమ్మ అబద్ధమాడదని వాడు నలుగురిలో చెప్పుకుంటాడు. నువ్వు మాత్రం, బిడ్డ నా దగ్గరుందిలే అని నిశ్చింతగా అనిపించినప్పుడల్లా తీసి చదువుకో.

ఇట్లు,
నీ అత్తయ్య