కళ్లజోడు కోసం చాచిన చెయ్యి

అక్కా,

ఫోన్లో అనే మాటలు కావని రాస్తున్నాను. క్రైమ్ నవలల పండగ బాగానే జరిగింది. హంతకుణ్ణి కనిపెట్టే పోటీలో ఒక బామ్మగారు అందరినీ ఓడించింది. నా నవల మీద చర్చ కూడా సాఫీగానే సాగింది, చివర్లో రిటైరైన పోలీసాయన ఒకరు లేచేదాకా.

"మెట్ల మీద జారినవాడు గోడ పట్టుకోకుండా కళ్లజోడు పట్టుకోబోయాడని రాశారు. ఇది ఊహకి తట్టేది కాదమ్మా, చూసినవాళ్లు చెప్పాలి" అన్నారు.

అంతా కల్పనేనని నవ్వేశాను. కానీ బావ ఎలా పడి చనిపోయాడో, ఆ కళ్లజోడుతో సహా, నువ్వు చెబితేనే కదా నేను రాసింది. అప్పుడు బజార్లో ఉన్నానని పోలీసులకి చెప్పిందీ నువ్వే. ఇన్నాళ్లూ ఆ రెండూ కలిపి ఆలోచించలేదు.

ఎవరైనా వచ్చి అడిగితే నన్నేం చెప్పమంటావు? ఆ పోలీసాయన పుస్తకం కొని, సంతకం పెట్టించుకుని, అంకితం పేజీ పైకే చదివారు.

"ఈ కథ చెప్పిన మా అక్కకి."

నీ చెల్లెలు