ఎర్మెలిందా అత్తకి రాని పిలుపు

సెద్రుష్, ఫాయల్ దీవి
11 జూన్ 2024

పూజ్యురాలైన అక్క జుల్మీరాకి,

చెల్లెలు లియోనిల్దా నమస్కారాలు. ఈ ఉత్తరం అందేసరికి నువ్వూ నీ మోకాళ్ళూ కుదురుగా ఉండాలని పరిశుద్ధాత్మను వేడుకుంటున్నాను. నా ఒళ్ళు బాగానే ఉంది. మనసు సంగతి అడగకు, నేనే చెబుతాను.

అమెరికాలో మన హోలియోక్‌లో బయల్దేరేటప్పుడు, ఆ దీవిలో రాళ్ళూ ఆవులూ తప్ప ఏముందే, ఈ వయసులో నీకెందుకీ తిరుగుడు అన్నావు. నేను వినలేదు. అగ్నిపర్వతం బూడిదలో మన ఇల్లు కూరుకుపోయిందనీ, అందుకే అమెరికా మనల్ని రానిచ్చిందనీ వింటూ పెరిగినదాన్ని. ఆ బూడిద గుప్పెడు తెచ్చి నాన్న సమాధి మీద చల్లాలని నా కోరిక.

మన ఇల్లెక్కడని ఊళ్ళో అడిగితే, అదుగో అని చూపించారు. అక్కా, ఇల్లు చెక్కుచెదరలేదు. బూడిద పడింది దీవికి ఆ కొసన. వాకిట్లో నల్లబట్టల ముసలావిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. జెర్వాజియు కూతుర్నని చెప్పాను. ఆవిడ కత్తి ఆపి, ఎగాదిగా చూసి, ఏ ఏడు పుట్టావంది. అరవై మూడన్నాను. మా అన్న అరవై ఒకటిలోనే పోయాడు కదమ్మా, మరి నువ్వెవరి బిడ్డవి అంది.

ఆవిడే మన మేనత్త ఎర్మెలిందా. నాన్న పోయింది ఎనభై నాలుగులో అని చెప్పేసరికి చాలాసేపు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అయితే ఇరవై మూడేళ్ళు బతికున్నవాడి ఆత్మకి పూజలు పెట్టించానన్నమాట, వాడికేమైనా కలిసొచ్చిందా అంది. నవ్వబోయి ఏడ్చేసింది.

తర్వాత అంతా చెప్పింది. బూడిదలో కూరుకుపోయింది తన ఇల్లు. అమెరికా వెళ్ళనిచ్చే కాగితం ఇల్లు పోయినవాళ్ళకే. చదువు రాని ఆడది, మగదిక్కు అన్నే కదాని తన ఇంటి పత్రాలు నాన్న చేతికిచ్చి పట్నం పంపింది. ఆ రోజుల్లో అందరూ చేసేది అదే. ఆయన ఆ ఇల్లు తనదని రాయించుకుని, అమ్మనీ నిన్నూ తీసుకుని వెళ్ళిపోయాడు. నా ఇంట్లో ఉండవే, ఏడాదిలో పిలుపు ఉత్తరం పంపుతానని చేతిలో చెయ్యేసి చెప్పాడట. అయినవాళ్ళ పిలుపు ఉత్తరం లేనిదే ఎవరూ కదలడానికి లేదు కదా. మూడేళ్ళు పోస్టుమాన్ దారి చూసింది. ఆఖరికి వచ్చింది చావు కబురు. ఇక పిలిచేదెవరు? ఒక్కతే ఇక్కడ ఆవుల్ని చూసుకుంటూ ముసలిదైపోయింది.

అమెరికాలో మన దీవివాళ్ళంతా ఉండే ఫాల్ రివర్ ఊరు వదిలి, నాన్న మన మాట తెలిసినవాడు ఒక్కడూ లేని హోలియోక్‌లో ఎందుకు కాపురం పెట్టాడో ఇప్పుడర్థమైంది. పిలిచానే, రాలేదే, నా చెల్లెలికి నా మీద ఇంకా కోపమేనని ప్రతి క్రిస్మస్‌కీ కళ్ళు తుడుచుకునేవాడు. తన చావు కబురు తనే పంపుకున్న మనిషి ఏడుస్తుంటే నేను వీపు నిమిరాను. నన్ను ఇంత వెర్రిదాన్ని చేశాడు. ఆయన సమాధికి ఇక బూడిదా లేదు, పువ్వూ లేదు.

నువ్వేమంటావో రాయి.

ఇట్లు నీ చెల్లెలు,
లియోనిల్దా

తా.క. కవరు అంటించబోతుంటే అత్త ఆ చావు ఉత్తరం పెట్టెలోంచి తీసి ఇచ్చింది. అప్పట్లో పాదిరీగారు చదివి వినిపించారట. నాన్న పక్కింటివాళ్ళెవరో రాసినట్టుంది అందులో. నాన్నకి అక్షరమ్ముక్క రాదు, ఆయన చెబితే రాసిపెట్టేదానివి నువ్వే. నా ప్రతి పుట్టినరోజు కార్డు మీదా చూసిన చేతిరాత అక్కా అది. ఆయన రమ్మని రాయమన్నాడు, నువ్వు చచ్చిపోయాడని రాశావు. అత్త వస్తే గుట్టు బయటపడి మనల్ని వెనక్కి తోలేస్తారనుకున్నావా? పద్దెనిమిదేళ్ళప్పుడు భయం, సరే. ఆ తర్వాత? నాన్న తప్పు నాన్నది, కానీ ఆ ఏడుపు నిజం. ఏడుస్తుంటే పక్కనే కూర్చుని చూశావు.

ఈ రాత ఎవరిదో పోల్చగలవా అని అత్త ఇందాక అడిగింది. నేను చెప్పలేదు, చెప్పను కూడా. ఆమె ఫోన్ నంబరు కవరు వెనకాల రాస్తున్నాను. చెవుడు ఉంది, గట్టిగా చెప్పు.