పిడి లేని బుట్టలు

వారాంతపు బజారు పర్యవేక్షణాధికారి గారికి,

అయ్యా,

విషయం: పిడి లేని బుట్టలు 'అసంపూర్ణ సరుకు' అంటూ, పద్నాలుగో నంబరు స్థలాన్ని రద్దు చేస్తామని ఇచ్చిన నోటీసుపై అభ్యంతరం.

పై స్థలంలో, కూరగాయల వదినకూ రొట్టెల మరదలికీ మధ్య కూర్చుని పందొమ్మిదేళ్ళుగా బుట్టలు అల్లి అమ్ముకుంటున్న నేను తెలియజేసుకొనునది ఏమనగా:

1. కొనేవారి చెయ్యి కొలవకుండా నేను పిడి వెయ్యను. మోచేతికి తగిలించుకుంటే బుట్ట నడుము దగ్గర ఆగాలి. అందుకే బుట్టలు పిడి లేకుండా తెచ్చి, మనిషిని నిలబెట్టి, కొలిచి, అక్కడికక్కడే వేసి ఇస్తాను.

2. తమ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, "వీటికి పిడులేవమ్మా?" అని అడిగారు. "చేతులు రావాలి కదండీ," అన్నాను. సదరు జవాబును ఆయన 'విధులకు ఆటంకం' అని రాసుకున్నారు.

3. నోటీసు చూసి భయపడిన మాట వాస్తవం. పోయిన శనివారం ఇరవై బుట్టలకు ఇంట్లోనే, నా చేతి కొలతతోనే పిడులు వేసి తెచ్చాను. నేను తాటిచెట్టంత మనిషిని. ఒక పెద్దావిడ ఉల్లిపాయలు నింపుకుని పదడుగులు వేసి, బుట్ట మోకాళ్ళకు కొట్టుకుంటోందని వెనక్కి తెచ్చింది. "నీకోసం అల్లుకున్నది నాకెందుకు అంటగట్టావమ్మా?" అంది. నా బుట్ట తిరిగి రావడం అదే మొదలు. తలెత్తుకోలేకపోయాను. వదిన తక్కెడ చాటున కూర్చుని ఏడ్చాను కూడా. ఆ ఏడుపుకు తమ కార్యాలయమే బాధ్యత వహించవలెను.

4. వదిన క్యారెట్లకు మట్టి ఉంటే తాజా సరుకు, నా బుట్టకు పిడి లేకపోతే సగం సరుకా?

5. కావున నోటీసు వెనక్కి తీసుకోవలెను. ఇన్‌స్పెక్టరు గారికి క్షమాపణ చెబితే సరిపోతుందని కబురొచ్చింది. చెప్పను.

పై సంగతులు తమరు చిత్తగించవలెను. కాగితం మీద అర్థం కాకపోతే బజారుకు వచ్చి చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(ఇలాగే రాయాలని రొట్టెల మరదలు పట్టుబట్టింది),
పద్నాలుగో నంబరు బుట్టలావిడ

తా.క.: పిడి బద్దలు ముందురోజే నానబెట్టాలి. నానినవి మర్నాడే వాడెయ్యాలి, ఆరిపోతే వంచబోతే విరుగుతాయి. ఇవాళ శుక్రవారం. మీ జవాబు కోసం చూడకుండా యాభై పిడులకు నానబెట్టేశాను.